పెద్దకర్మ మర్నాడు

(కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల చివరి సాయంత్రం, నీటిపారుదల శాఖలో పదవీ విరమణ చేసిన ఒక ఇంజనీరు చేసిన ప్రసంగం. చెప్పిన మాటే మళ్లీ వచ్చిన చోట్ల కొంత తగ్గించాం. మిగిలినదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

అధ్యక్షుల వారు నన్ను పరిచయం చేస్తూ, దుఃఖం గురించి సాధికారికంగా మాట్లాడగలిగిన వ్యక్తి అన్నారు. నేను ముప్పై నాలుగేళ్లు కాలువల మీద పనిచేశాను. తూముల గురించి, లాకుల గురించి అడిగితే సాధికారికంగానే మాట్లాడతాను. దుఃఖం విషయంలో నాకున్న అర్హత ఒక్కటే. మూడేళ్ల కిందట మార్చి నెలాఖరున మా ఆవిడ పోయింది. ఆ అర్హత ఈ హాల్లో కూర్చున్న వాళ్లలో సగం మందికి ఉంది.

కార్యదర్శి గారు మొదట నన్ను కాటన్ దొర గురించి మాట్లాడమన్నారు. ప్రతి ఏడూ అదే మాట్లాడుతున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని నా నోట వినీ వినీ ఇక్కడి పిల్లలకు కంఠతా వచ్చేసింది. అందుకని ఈసారి వేరే విషయం చెబుతానన్నాను. ఏ విషయమో విన్నాక ఆయన తల గోక్కుని, "వారోత్సవాలు కదండీ, శుభమా అని..." అంటూ నసిగారు. కార్యదర్శి గారూ, మిమ్మల్ని నలుగురిలో పెడుతున్నందుకు క్షమించండి. ఆ నసుగుడు గురించే నేను మాట్లాడబోతున్నాను.

చావు జరిగిన ఇంటిని మన ఊళ్లు ఎలా ఆదుకుంటాయో మీకు చెప్పనక్కర్లేదు. పొయ్యి వెలిగించనివ్వరు. ఒక ఇంటి నుంచి అన్నం వస్తుంది, ఇంకో ఇంటి నుంచి చారు, మజ్జిగ వస్తాయి. మా ఇంటి ముందు టెంటు ఎవరు వేయించారో, కుర్చీలు ఎవరు తెప్పించారో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. అన్ని రోజులూ నన్ను ఒక్క క్షణం ఒంటరిగా వదలలేదు. నేను స్నానానికి వెళితే తలుపు బయట మా బావమరిది నిలబడేవాడు. పెద్దకర్మ నాడు మూడు వందల విస్తళ్లు లేచాయి.

మర్నాడు పొద్దున్నే టెంటు విప్పేశారు. కుర్చీలు ట్రాక్టరు ఎక్కాయి. మా అమ్మాయికీ అల్లుడికీ సెలవు అయిపోయింది. నన్నూ హైదరాబాదు రమ్మన్నారు, నేను రానన్నాను. సాయంత్రం బస్సుకు వాళ్లు వెళ్లారు. వాకిట్లో టెంటు గుంజలు పాతిన గుంటలు మిగిలాయి. రాత్రి ఏడున్నరకు నాకు ఆకలి వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, శ్మశానం దగ్గర కూడా రానంత ఏడుపు ఆ ఆకలికి వచ్చింది. బియ్యం డబ్బా ఎక్కడుందో తెలుసు. గ్లాసు బియ్యానికి ఎన్ని గ్లాసుల నీళ్లు పోయాలో తెలియదు. లక్షల క్యూసెక్కుల లెక్కలు రాసిన మనిషిని!

నవ్వండి, ఫరవాలేదు. ఇప్పుడు నాకూ నవ్వు వస్తోంది.

ఆ తర్వాతి వారాల్లో ఇంకొకటి గమనించాను. నేను టీ కొట్టు దగ్గరికి వెళితే అక్కడి మాట మారిపోయేది. దాళ్వా కోతల గురించి మాట్లాడేవాళ్లు, ఎండల గురించి మాట్లాడేవాళ్లు, నా మోకాళ్ల నొప్పి గురించి అడిగేవాళ్లు. మా ఆవిడ మాట మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు. ముప్పై ఎనిమిదేళ్లు ఈ వీధుల్లో తిరిగిన మనిషి, వీళ్లలో సగం మంది పెళ్లిళ్లకు అప్పడాలు ఒత్తిన మనిషి, అసలు ఈ ఊళ్లో ఎప్పుడూ లేనట్టే మాట్లాడేవారు. అడిగితే, "గుర్తు చేసి బాధపెట్టడం ఎందుకని" అన్నారు. గుర్తు చేయడమా! మరిచిపోయిన వాళ్లకు కదా గుర్తు చేయడం.

అప్పుడు నాకు మాసికాల సంగతి తట్టింది. నాకు కర్మకాండ మీద పెద్ద పట్టింపు లేదు. కానీ ఏ కట్టడాన్ని చూసినా ఇది దేనికి కట్టారు అని ఆలోచించడం నా వృత్తి వల్ల వచ్చిన అలవాటు. పూర్వం మన ఇళ్లలో నెలనెలా మాసికం పెట్టేవారు. ఏడాది నిండితే సంవత్సరీకం. అంటే నాలుగో నెలలో కూడా ఒక రోజున ఆ ఇంటికి నలుగురు మనుషులు వచ్చేవారు, పోయిన వాళ్ల పేరు, గోత్రం పైకి పలికేవారు. ఇప్పుడు మాసికాలన్నీ పన్నెండో రోజు లోపలే కలిపి పెట్టేస్తున్నాం. మా ఇంట్లోనూ అంతే చేశాం. పురోహితుణ్ణి అనడానికి లేదు, అలా చేయమని అడిగింది మేమే. ఉద్యోగాలు, సెలవులు, ప్రయాణాలు. ఖర్చు మిగిలింది, సెలవులు మిగిలాయి. నాలుగో నెలలో మాత్రం ఎవరూ రారు.

క్రైస్తవ సోదరుల ఇళ్లలో ఆదరణ కూడికలు పెడతారు. నవంబరు 2న సమాధుల పండుగకు పూలు, కొవ్వొత్తులు తీసుకుని ఇంటిల్లిపాదీ వెళతారు. ముస్లింల ఇళ్లలో నలభయ్యో రోజు ఉంది. ఎవరి పద్ధతి వారిది. ఆ తేదీలు తప్పనివ్వకండి అని మాత్రం అందరినీ అడుగుతాను.

నా నాలుగో నెలలో వచ్చినవాడు ఒక లస్కరు, అంటే కాలువ గట్లు, తూములు చూసుకునే మా శాఖ పనివాడు. నాతో కలిసి పనిచేసి, నాకంటే ముందే విరమించినవాడు. వయసు డెబ్బై దాటింది. ఆషాఢంలో, వానలో, సైకిలు మీద, ఆరు మైళ్లు వచ్చాడు. వరండాలో కూర్చుని ముందు కాసేపు కాలువల గురించి మాట్లాడాడు. గుర్రపుడెక్క ఎలా అల్లుకుపోయిందో, శివారు పొలాలకు నీళ్లు ఎలా ఎక్కడం లేదో చెప్పాడు. తర్వాత ఉన్నట్టుండి, "అయ్యగారూ, అమ్మగారు మీ డ్రాయింగ్ బల్ల సంగతి ఎప్పుడైనా చెప్పారా?" అని అడిగాడు.

ఆ బల్ల గురించి మీకు చెప్పాలి. మా మామగారు పెళ్లికి చేయించి ఇచ్చిన టేకు బల్ల అది. 1996 తుపానులో పోయింది. ఆ నవంబరు 6 రాత్రి మీలో పెద్దవాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. కోనసీమంతా ఒక్క రాత్రిలో నేలమట్టమైంది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు లక్షల్లో పడిపోయాయి. ఆ రాత్రీ తర్వాతి మూడు రోజులూ నేను గట్టు మీదే ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి బల్ల లేదు. "గాలికి పెంకులు పడి ముక్కలైపోయింది" అంది మా ఆవిడ. నేను నమ్మాను. ఇరవై ఏళ్లకు పైగా తుపాను మాట వచ్చినప్పుడల్లా ఆ బల్లను తలచుకుని బాధపడేవాణ్ణి. ఆవిడ పక్కనే కూర్చుని ఊ కొట్టేది.

లస్కరు చెప్పింది వేరు. తుపానుకు లస్కర్ల పాకలన్నీ ఎగిరిపోతే, పిల్లాపాపలతో ఎనిమిది కుటుంబాలను మా ఆవిడ మా క్వార్టర్లోకి రమ్మందట. రెండు గదుల ఇల్లు. బియ్యం ఉన్నాయి గానీ పొడి పుల్ల లేదు. గ్యాసు అయిపోయింది. మొదట కుర్చీ విరిచిందట, తర్వాత బల్ల. "గొడ్డలి నా చేతికిచ్చి, కాళ్లు ముందు కొట్టు, పై చెక్క రేపటికి ఉంచు అన్నారు అయ్యగారూ. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు." ఇదంతా చెప్పి, మనిషి పోయాక ఒట్టు ఉండదని ఎవరో పెద్దాయనను అడిగి తెలుసుకున్నాకే వచ్చానని కూడా చెప్పాడు.

ఆవిడ పోయిన నాలుగో నెలలో నాకు ఆవిడ చెప్పిన అబద్ధం ఒకటి దొరికింది. ఆ రోజు నాకెలా ఉందో చెప్పడం కష్టం. ఆవిడ గురించి తెలుసుకోవలసినదంతా అయిపోయింది, ఇక కొత్తగా ఏమీ రాదు, ఉన్నదాన్నే తలచుకుంటూ బతకాలి అనుకుంటూ ఉన్నాను. ఒక ముసలి లస్కరు వానలో తడుస్తూ వచ్చి కొత్త సంగతి ఇచ్చి వెళ్లాడు. ఆ రాత్రి గోడ మీది ఫొటోతో గట్టిగా పోట్లాడాను. కుర్చీ చాలక పోయిందా, టేకు బల్లే కావలసి వచ్చిందా అని. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్ర పట్టింది.

పోయిన వాళ్లతో బంధం తెంచుకుంటేనే మనిషి కోలుకుంటాడని పడమటి దేశాల మానసిక వైద్యంలో చాలా కాలం నమ్మారు. ఆ నమ్మకాన్ని కొందరు పరిశోధకులు గట్టిగా ప్రశ్నించింది తొంభయ్యో దశకంలో. బంధం తెగదు, రూపు మారి కొనసాగుతుంది, అందులో జబ్బేమీ లేదు అన్నారు. మహాలయ పక్షాల్లో తాతగారికి ఇష్టమని గారెలు వండే మన ఇళ్లలో ఈ మాట ఎవరికీ వింతగా ఉండదు.

ఇంకో సంగతి. మా అల్లుడు మంచివాడు, నాకు ఫోనులో ఒక పటం పంపించాడు. దుఃఖానికి అయిదు దశలు అని. నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం. నాకు భలే నచ్చింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. వరద అలా మెట్లు ఎక్కుతుంది, అలాగే మెట్లు దిగుతుంది. దుఃఖం కూడా అంతే కాబోలు అనుకుని, పొద్దున్నే కాఫీ తాగుతూ ఇవాళ నేను ఎన్నో దశలో ఉన్నాను అని చూసుకునేవాణ్ణి. సోమవారం అంగీకారం. మంగళవారం కోపం. బుధవారం పక్కింటి ఆవిడ కరివేపాకు అడగడానికి వస్తే, మా ఆవిడ లోపల ఉంది కదా అడిగి చెబుతాను అని లేవబోయాను. ఏడో నెలలో నిరాకరణా? లెక్క తప్పుతోందని నాకు బెంగ పట్టుకుంది.

తర్వాత చదివితే తెలిసింది. ఆ అయిదు దశలూ 1969లో ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే వైద్యురాలు రాసినవి. ఆవిడ మాట్లాడింది చావుకు దగ్గరైన రోగులతో. తమ చావును తాము ఎలా ఎదుర్కొంటున్నారో వాళ్లు చెప్పినదాన్ని బట్టి రాసింది. వెనక మిగిలిపోయిన వాళ్లకు దాన్ని అంటగట్టింది తర్వాతి లోకం. నాకు నచ్చిన మాట 1999లో ఇద్దరు పరిశోధకులు చెప్పినది, మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అని. వాళ్లు పనిచేసింది నెదర్లాండ్స్‌లో, అదీ మనలాగే ఏటి నోళ్ల దగ్గర గట్లు కట్టుకుని బతికే దేశం. మనిషి కాసేపు పోయిన వాళ్ల కోసం కుమిలిపోతాడు, కాసేపు బతుకు పనుల్లో పడతాడు, మళ్లీ కుమిలిపోతాడు, అటూ ఇటూ ఊగడమే సహజం అంటారు వాళ్లు. మన యానాం వైపు వాళ్లకు, అంతర్వేది వైపు వాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. రోజూ ఆటుపోట్లు చూసే కళ్లు కదా. పోటు వచ్చిందని సముద్రం ఊళ్లోకి వచ్చేసినట్టు కాదు, పోటు తీసిందని సముద్రం వెళ్లిపోయినట్టూ కాదు. పెళ్లి భోజనంలో నవ్విన మనిషి ఇంటికి వచ్చి ఏడిస్తే అందులో నటన ఏమీ లేదు.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను.

మా ఆవిడ పోయినప్పుడు పలకరించడానికి వచ్చిన వాళ్లలో చాలా మంది, "అదృష్టవంతురాలు, పసుపు కుంకుమలతో వెళ్లిపోయింది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను బతికి ఉండటమే ఆవిడ సాధించిన ఘనకార్యం అన్నమాట. సరే. కానీ అదే నెలలో మా వీధి చివర ఇంట్లో ఒక మగమనిషి పోయాడు. నలభై ఏళ్లు ఉంటాయేమో. పదో రోజు ఆ అమ్మాయి చేత ఏం చేయించారో మీకు తెలుసు. గాజులు, బొట్టు. చుట్టూ ఆడవాళ్లే నిలబడ్డారు. నా దగ్గర నుంచి ఎవరూ ఏమీ తీసేయలేదు. ఉంగరం తీయమనలేదు, పంచె మార్చమనలేదు. ఆ తర్వాత ఏడాది పాటు నన్ను ప్రతి గృహప్రవేశానికీ పిలిచారు. ఆ అమ్మాయిని పిలవలేదు.

కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ ఊరు ఇక్కడికి ఎంత దూరం? దుఃఖంలో ఉన్న మనిషిని ఓదార్చడం గురించి గంట సేపు ఉపన్యాసం విని, రేపు ఇంకో ఇంట్లో పదో రోజున అదే తంతుకు పీట వేసేట్టయితే, నేను కాటన్ దొర గురించి మాట్లాడినా సరిపోయేది. అది ఓదార్పు కాదు. దెబ్బ తిన్న చోటే మళ్లీ కొట్టడం. మీ ఇంట్లో ఆ రోజు వస్తే, పెద్దవాళ్లుగా మీరే "అక్కర్లేదు" అనండి. ఆ అమ్మాయి నోరు తెరిచి అనలేదు.

మళ్లీ 1996కు వస్తాను. తుపాను తర్వాత నన్ను నష్టాల లెక్కలకు గౌతమి మొగ దగ్గరి పల్లెలకు పంపారు. వేటకు వెళ్లిన పడవలు ఎన్నో తిరిగి రాలేదు. ఒక తల్లికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మూడో రోజున తేలి వచ్చాడు, చిన్నవాడు రాలేదు. శవం దొరకలేదు. అటువంటి ఎడబాటును పాలిన్ బాస్ అనే అమెరికా పరిశోధకురాలు విడిగా అధ్యయనం చేసింది, అన్నిటికంటే బరువైనది అదే అంటుంది. ఏడవడానికి లేదు, ఎదురుచూడటం మానడానికి లేదు. చట్టం కూడా కబురు లేని మనిషిని పోయినట్టు లెక్కించడానికి ఏడేళ్లు ఆగమంటుంది.

చాలా ఏళ్ల తర్వాత ఒక మురుగు కాలువ పని మీద మళ్లీ ఆ పల్లెకు వెళ్లాను. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. మాటల్లో రేషను కార్డు సంగతి వచ్చింది. కొడుకు పేరు కొట్టేయించుకోమని ఎవరు ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదట. నేను తెలివితక్కువగా, "ఆ బియ్యం కోసం ఎందుకమ్మా గొడవ" అన్నాను. "బియ్యం కోసం కాదు బాబూ. వాడు బడికి పోలేదు. ఆ కాగితం మీద తప్ప వాడి పేరు లోకంలో ఎక్కడా రాసి లేదు" అంది. ఆవిడ చేసినది నిబంధనలకు విరుద్ధమే. ప్రభుత్వ ఉద్యోగిగా నేను ఆ మాట చెప్పవలసింది. చెప్పలేదు.

మా ఆవిడ మరణాన్ని నమోదు చేయించడానికి నేనూ ఒక కార్యాలయానికి వెళ్లాను. ఇరవై ఒక్క రోజుల లోపల నమోదు చేయించాలి, అది గుర్తుంచుకోండి. పత్రం ప్రతులు నాలుగైదు తీసుకోండి, బ్యాంకుకు, పింఛనుకు, గ్యాసుకు అన్నిటికీ అడుగుతారు. ఇంకో చోట, పేరు మార్చాలంటే ఆవిడ వేలిముద్ర కావాలన్నారు. తీసుకొస్తాను, ఎక్కడికి వెళ్లాలో దారి చెప్పండి అన్నాను. సరే, అది పక్కన పెడదాం. నమోదు చేసే గుమాస్తా "పేరు?" అని అడిగాడు. నేను నీళ్లు నమిలాను. మా తరం సంగతి మీకు తెలుసు. ఇందాకటి నుంచి "మా ఆవిడ" అంటూనే ఉన్నాను, చూశారు కదా. ఇదిగో, ఏమోయ్, అమ్మాయి పుట్టాక అమ్మాయి పేరుతో పిలవడం. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఒక పరాయి మనిషి ముందు నేను పైకి చెప్పడం అదే మొదటిసారి. గొంతు పెగల్లేదు. "గట్టిగా చెప్పండి" అన్నాడు గుమాస్తా.

మగవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. బ్రిటన్‌లో భార్యలు పోయిన 4,486 మంది మగవాళ్లను, అందరూ యాభై అయిదు దాటినవాళ్లను, ఏళ్ల తరబడి గమనించి 1969లో ఒక అధ్యయనం వెలువరించారు. మొదటి ఆరు నెలల్లో వాళ్లలో మరణాలు మామూలుగా ఉండవలసిన దానికంటే దాదాపు 40 శాతం ఎక్కువ. చాలా వరకు గుండె జబ్బులతోనే. గుండె పగిలి పోయాడు అని మన వాళ్లు అనేది ఉత్త మాట కాదన్నమాట. నేను ఆ ఆరు నెలల్లో బీపీ మాత్ర వేసుకున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఎందుకంటే మాత్ర ఇచ్చే చెయ్యి లేదు. ఏదైనా కావాలంటే చెప్పండి అని చాలా మంది అన్నారు. ఏం కావాలో తెలిస్తే కదా చెప్పడానికి. పక్కింటి ఆవిడ ఒక్కతే ఏమీ అడగకుండా, మనవడి చేత రోజూ ఎనిమిదింటికి కబురు పంపేది, "తాతగారూ, మాత్ర వేసుకున్నారా అని మామ్మ అడగమంది" అని. మూడో తరగతి పిల్లవాడు. వేసుకునే దాకా కదిలేవాడు కాదు.

కొందరికి ఈ పోటు ఎన్నాళ్లకూ తీయదు. ఆరు నెలలు, ఏడాది దాటినా తిండి, నిద్ర, పని ఏవీ కుదుటపడకపోతే దాన్ని ఇప్పుడు వైద్యులు చికిత్స అవసరమైన స్థితిగానే గుర్తిస్తున్నారు. "నేనూ వెళ్లిపోతే బాగుండు" అనే మాట విన్నప్పుడు, చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ. ఒంటరిగా వదలకండి. 14416కు ఫోను చేయించండి, టెలి మానస్ అంటారు. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు ఇవాళే ఈ గ్రంథాలయం తలుపు మీద రాయిద్దాం.

ఆశ గురించి కూడా చెప్పమన్నారు. ఆశ అనే మాట అంటే నాకు కొంచెం భయం. పెద్ద మాట. తుపాను తర్వాత మన రైతులు చేసినది చెబుతాను, నాకు తెలిసినది అదే. పడిపోయిన తోటల్లో మళ్లీ కొబ్బరి మొక్కలు పెట్టారు. మన దేశవాళీ పొడవు రకం కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. అప్పటికి అరవై దాటిన రైతులు కూడా పెట్టారు. అయితే ఆ ఆరేడేళ్లూ మొక్కల కేసి చూస్తూ కూర్చుంటే ఇల్లు గడవదు కదా, మధ్యలో అరటి వేశారు, కంద వేశారు, పసుపు వేశారు. అంబాజీపేట సంతలో కొబ్బరికాయల కుప్పలు లేని రోజుల్లో ఆ అరటి గెలలే వాళ్లను గట్టెక్కించాయి. నేనూ అంతర పంట వేసుకున్నాను. వంట నేర్చుకున్నాను. గ్లాసుకు రెండు గ్లాసులు, పాత బియ్యమైతే ఇంకొంచెం. ఆదివారాలు ఇక్కడ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఇది కాపు కాదు. కొబ్బరి ఎప్పటికి కాస్తుందో, అసలు కాస్తుందో లేదో నాకు తెలియదు. కూరలో ఉప్పు మాత్రం ఈ మధ్య సరిపోతోంది.

చివరగా మా రేవు సంగతి చెప్పి కూర్చుంటాను. మా ఇంటి ముందు కాలువ రేవుకు పదకొండు మెట్లు. నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం రోజూ పొద్దున్నే మా ఆవిడ రేవుకు వెళ్లి వచ్చి, "ఇవాళ ఆరో మెట్టు తడిసింది" అని చెప్పేది. బొబ్బర్లంక దగ్గర తలుపులు ఎంత ఎత్తారో, లొల్ల లాకుల దగ్గర ఏం చేస్తున్నారో నేను వైర్‌లెస్‌లో తెలుసుకునే లోపు ఆవిడ మెట్లు లెక్కపెట్టి చెప్పేసేది. నా కొలబద్ద కంటే ఆవిడ మెట్టే నిజమైన రోజులు ఉన్నాయి, అది శాఖలో ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ పోయిన పదిహేను రోజులకు కాలువలు కట్టేశారు. ఎప్పటిలాగే, వేసవి మరమ్మతులకు. రేవు ఎండిపోయింది. అడుగున బురద, పగిలిన కుండలు, ప్లాస్టిక్ సంచులు. దాన్ని చూడలేక ముందు తలుపు మూసేసి పెరటి దారిన తిరిగాను. జూన్‌లో సార్వాకు నీళ్లు వదిలారని పేపర్లో చదివాను. రెండు రోజులు పట్టింది మా రేవు దాకా రావడానికి. తెల్లవారుజామున చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే తొమ్మిదో మెట్టు తడిసింది. ఎర్రటి నీళ్లు, ముందు చెత్తంతా తోసుకుంటూ. ఎవరితో చెప్పాలి? ఈ కబురు వినే మనిషి నేను, చెప్పే మనిషి ఆవిడ. ఇప్పుడు చెప్పవలసినవాణ్ణి నేనయ్యాను, వినేవాళ్లు లేరు.

అయిదింటికి హైదరాబాదుకు ఫోను చేశాను. అమ్మాయి కంగారు పడి ఎత్తింది. "ఏమీ లేదమ్మా, తొమ్మిదో మెట్టు తడిసింది" అన్నాను. అటు నుంచి మాట లేదు. తర్వాత, "పైనుంచి తొమ్మిదా, కింది నుంచి తొమ్మిదా నాన్నా? అమ్మ పైనుంచి లెక్కపెట్టేది" అంది. ఇద్దరం చాలా సేపు ఏడ్చాం. ఆ తర్వాత నుంచి కాలువలో నీళ్లున్నన్ని రోజులూ పొద్దున్నే ఫోనులో మెట్టు సంఖ్య చెబుతున్నాను. ఇవాళ అయిదో మెట్టు. పైనుంచే.

వందన సమర్పణకు కార్యదర్శి గారు లేస్తున్నారు. కాసేపు ఆగండి, ఇంకా ఎనిమిది కాలేదు. మీలో ఎవరైనా పోయిన మీ వాళ్ల పేరు చెప్పి, ఒక్క సంగతి చెప్పండి. మంచి సంగతే కానక్కర్లేదు. పిసినారితనం చెప్పండి, కోపాలు చెప్పండి, అబద్ధాలు చెప్పండి. లేదా పక్కవాళ్ల ఇంట్లో పోయిన మనిషి గురించి వాళ్లకు తెలియనిది మీకు తెలిస్తే అది చెప్పండి. నా వంతు ఆఖరున.

ఆ వెనక వరుసలో, స్తంభం పక్కన చెయ్యి ఎత్తింది ఎవరమ్మా? నువ్వా తల్లీ. బాబూ, మైకు అక్కడికి తీసుకెళ్లు. కూర్చునే మాట్లాడమ్మా, లేవనక్కర్లేదు. పేరు మాత్రం గట్టిగా చెప్పు.